అయిదో నంబరు ఫిల్ము

చిరంజీవి అమ్మడికి,

మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే నీ షాపులో కారు అద్దాలకి ఫిల్ము అతికించే హీట్ గన్ మోతకి నేనొకటి చెబితే నీకొకటి వినపడుతోంది. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన నన్ను ఇక స్టీరింగు ముట్టుకోవద్దని కంటి డాక్టరు చెప్పిన సంగతి నీకు తెలిసిందే. అప్పటి నుంచి మన కారు మీ అత్తయ్యే నడుపుతోంది. ఏదో అంతంతమాత్రంగా నడుపుతుందిలే. వచ్చే నెల మొదటి శనివారం కారు నీ దగ్గరికి తెస్తాం. ఎండ మొహం మీద కొడుతోంది, అద్దాలన్నిటికీ ఫిల్ము వెయ్యి. నంబరు అయిదు వెయ్యి.

నీ మేలు కోరే
మావయ్య

తా.క.: మొన్న కారు గేటు స్తంభానికి గీసుకుంది. స్తంభం ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది, దాని తప్పేం లేదు.

*

మావయ్యకి,

మేనకోడలి నమస్కారాలు. నీ ఉత్తరం చూసి నవ్వుకున్నాను. నంబరంటే నలుపు కొలత కాదు మావయ్యా, లోపలికి వచ్చే వెలుతురు కొలత. డెబ్భై నంబరు వేస్తే నూటికి డెబ్భై పాళ్లు వెలుతురు వస్తుంది, మొహాలు చక్కగా కనిపిస్తాయి. అయిదు వేస్తే అయిదు పాళ్లే. లోపల మనిషి ఉన్నాడో బస్తా ఉందో బయటివాళ్లకు తెలీదు.

ఇందులో చాలామంది పొరబడతారు. పోయిన వారం ఒకాయన తను ఏదైనా నంబర్ వన్నే వాడతానని, ఒకటో నంబరు తెప్పించమని గంటసేపు కూర్చున్నాడు. పైగా ముందు అద్దానికి డెబ్భై కంటే తగ్గిస్తే పోలీసులు ఊరుకోరు. అన్నిటికీ డెబ్భై తీసి ఉంచుతున్నాను.

ఉంటాను,
నీ అమ్మడు

తా.క.: అత్తయ్య డ్రైవింగ్ పరీక్ష మొదటిసారే పాసైందటగా. నువ్వు చప్పట్లు కొడితే వరసలో నిలబడ్డవాళ్లంతా ఎందుకో తెలియకుండానే కొట్టారని అమ్మ చెప్పింది.

*

అమ్మడికి,

మావయ్య దీవెనలు. నేనేం పొరబడలేదు. తెలిసే రాశాను. నాకు అయిదే కావాలి.

మీ అత్తయ్య కారు తీసిందంటే చాలు, టైలరు మిషను ఆపేస్తాడు. మందుల షాపాయన కౌంటరు దాటి బయటికొస్తాడు. మేడ మీద బట్టలారేసేవాళ్లు పిట్టగోడ పట్టుకుని వంగి చూస్తారు. ఎన్నాళ్లు ఇలా? స్టీరింగు దగ్గర ఎవరున్నారో వీధికి కనపడకూడదు. ముందు అద్దానికి కుదరకపోతే పోనీ, పక్కవాటికి వెయ్యి. అదీ కుదరదంటే కర్టెన్లు కుట్టిస్తాను.

ఇంతే సంగతులు,
మావయ్య

తా.క.: గుడ్డ కొనేశాను. నీలం మీద తెల్ల చుక్కలు.

*

మావయ్యా,

కోపంలో రాస్తున్నాను, మాట జారితే పెద్దవాడివి సర్దుకో.

ఆడపిల్ల కార్లలో దూరి పని చెయ్యడమేమిటని ఇంటిల్లిపాదీ నా మీద విరుచుకుపడ్డ రోజు నీకు గుర్తుందా? నా షాపు కాగితం నీ బస్సు వెనక అద్దానికి అంటించి ఊరంతా తిప్పింది నువ్వే. మేనకోడలు పని చేస్తే గొప్ప, భార్య బండి నడిపితే సిగ్గా? నీ సీట్లో ఆవిడ కూర్చుందని బాధగా ఉంటే ఆ మాట ఆవిడతోనే చెప్పు. అంతేగాని ఆవిడని నల్ల అద్దాల వెనక దాచకు.

నా షాపులో నీకు అయిదు దొరకదు. అత్తయ్యని అడుగు. ఆవిడ ఏ నంబరు చెబితే అది వేస్తాను.

అలిగిన
మేనకోడలు

తా.క.: నీ ఉత్తరం అమ్మకి చూపించాను. ఆదివారం మొదటి బస్సుకి బయల్దేరుతోంది. చీపురు తీసుకెళ్లనా అని అడిగితే, అక్కడ ఉంటుందిలే అన్నాను.

*

అమ్మడికి,

అత్తయ్య దీవెనలు. మావయ్యని ఏమీ అనకు. ఆ రెండు ఉత్తరాలూ రాసింది నేనే.

ఆయనకి ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు. ఆయన చెబుతుంటే నేను రాస్తాను, నువ్వు రాసినవి నేనే చదివి వినిపిస్తాను. ఆయన చెప్పిందేమిటంటే, "ఎండ తగ్గాలి, కాని మీ అత్తయ్య మొహం వీధి చివరి నుంచి కూడా కనపడాలి. అంత పల్చటి ఫిల్ము వెయ్యి." నేను అయిదు అని రాశాను. రెండో ఉత్తరమైతే ఆయనకి తెలియనే తెలియదు.

ఏం చెయ్యను? కారెక్కగానే అద్దం దించి టైలర్నీ, మందుల షాపాయన్నీ కేకేసి పిలుస్తారు. "మా ఆవిడ. మొదటిసారే పాసైంది" అంటారు. కూరలకి వెళ్లినా బస్సు డిపో మీదుగానే పోనివ్వమంటారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆదివారం మా వదిన, అంటే మీ అమ్మ, చెప్పులు విప్పకుండానే మావయ్య రాశాడనుకున్న ఉత్తరం తీసి పైకి చదివింది. ఆయన చివరిదాకా విని, "ఇది నేను చెప్పలేదే అక్కా" అని నా వైపు తిరిగారు. నేను టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, "రాసింది నేనే" అన్నాను.

"నా వల్ల నీకు అంత ఇబ్బందిగా ఉందా?" అని అడిగారు.

"మీ వల్ల కాదు. అంత గొప్పగా నేనేం నడుపుతున్నానని?" అన్నాను.

"నాకు రోడ్డు కనపడదు, కాని బండి వినపడుతుంది. నువ్వు గేరు మార్చడం నాకు తెలియను కూడా తెలియదు. డిపోలో అలా మార్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు" అన్నారు. "సరే, అయిదే వేయించుకో. బండి నీ చేతిలో ఉంది, నీ ఇష్టం" అన్నారు.

సాయంత్రం ఇద్దర్నీ ఎక్కించుకుని బయల్దేరాను. ఆయన అడగలేదు. నేనే డిపో ముందు ఆపి, నాలుగు అద్దాలూ దించాను. పాత డ్రైవర్లు ఆయన్ని చూసి చుట్టూ చేరారు. ఒకాయన, "ఎవరు తీసుకొచ్చారు నిన్ను?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపు నేనే, "నేను తీసుకొచ్చాను. మొదటిసారే పాసయ్యాను" అన్నాను.

డెబ్భై వెయ్యి అమ్మడూ. శనివారం నడుపుకుంటూ వస్తాను.

ప్రేమతో
అత్తయ్య

తా.క.: ఇది మీ అమ్మ చేతిరాత. అత్తయ్య రాతని ఇక నమ్మలేనని మావయ్య నా చేత రాయిస్తున్నాడు: "డెబ్భై ఎందుకు, వంద ఉందేమో చూడు."