సుగతన్ పేరున తీసిన రాయి

ఓమనా, పంపకు క్షేమంగా చేరాను. మోకాళ్ళు కాస్త వాచాయి, అంతే, కంగారు పడకు.

అళుత నదిలో మునిగి, మొదటిసారి వచ్చేవాళ్ళందరిలాగే నేనూ ఒక రాయి తీశాను. నిరుడు మాల వేసుకుని కూడా ఈ కొండ చూడకుండానే పోయిన మన సుగతన్ పేరున ఇంకొకటి తీశాను. అందరూ ఆ రాళ్ళు వేసే కల్లిడాంకున్ను కొండ మీద నా రాయి వేశాను. వాడిది వెయ్యడానికి చెయ్యి రాలేదు. కొంగున ముడేసుకుని కొండ దిగిపోయాను.

ముక్కుళి మజిలీలో గంజి తాగుతుంటే మా కేళప్పన్ గురుస్వామి కొంగుముడిలో రాయి చూసి, "ఏం మాళికాపురం తల్లీ, ముందున్న కరిమల మీద రాళ్ళకి కరువొచ్చిందనుకున్నావా?" అని నవ్వాడు. పోయిన నా కొడుకు రాయని చెప్పాను. నవ్వు ఆపేశాడు.

"నువ్వు మోసుకుపోతే వాడి యాత్ర సగంలోనే ఆగిపోదా తల్లీ? లే, నేనూ వస్తాను."

మిగతా స్వాములంతా ఇరుముడులు దించుకుని మాకోసం అక్కడే కూర్చున్నారు. ఆ ఎత్తంతా మళ్ళీ ఎక్కాం. ఈసారి వేశాను. అన్ని రాళ్ళలో కలిసిపోయింది. చాలాసేపు ఏడ్చాను గానీ తర్వాత నడక తేలికైంది.

బాతులకి తవుడు సరిపోయిందా? పొలం గట్టు తెగితే పక్కింటి దామోదరన్‌ని పిలువు. ఒక్కదానివే కదా అని వండుకోవడం మానకు.

ఇంకో మాట. ఓణానికి మీ మేనమామ నీకు మారుమనువు సంబంధం తెస్తే, అత్తనన్న హక్కుతో నీతో చెప్పకుండా నేనే తిప్పి పంపాను. తప్పు నాదే. నీకిష్టమైతే ఆయన్ని మళ్ళీ రమ్మను. నేనే ఎదురుగా కూర్చుని మాట్లాడతాను. అయ్యప్ప నిన్ను చల్లగా చూడాలి.

మీ అమ్మ నారాయణి