బాపు నోట నీ కవిత

తమ్ముడూ,

నువ్వు పచ్చకామెర్లతో చనిపోయి నేటికి ఏడాది. పొద్దున పాలమూరు కాలేజీ విద్యార్థులిద్దరు నారాయణపేటలో మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల చేతిలో నీ కవిత ఉన్న సైక్లోస్టైల్ కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగిపోయింది. అమెరికాలో కొత్త కవులు వీధుల్లో నిలబడి చదువుతారని నువ్వు చెప్పేవాడివి. వీళ్లు కూడా అలాగే బస్టాండులో నీ కవిత చదువుతున్నారట.

"అన్న రాసినవి ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగారు.

మగ్గం నేస్తున్న మన బాపు చెయ్యి ఆపాడు.

"ఉండె. బూతులు రాసిండని నేనే నూలు రంగుల పొయ్యిల పెట్టి కాల్చిన."

వాళ్లు కాగితం మళ్లీ మడిచారు. నాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. వాళ్లు లేవబోతుంటే బాపు ఆపాడు.

"కూసోండ్రి. వాడు మొత్తుకుంట సదువుతుంటే ఇన్నది జర యాదికున్నది."

నేత మీదే చూపు పెట్టి, బూతులతో సహా చెప్పాడు. వాళ్లు రాసుకున్నారు. ఒకచోట ఆగి నావైపు తిరిగాడు.

"దీని తర్వాత ఏముండె బిడ్డా?"

"తెల్వదు బాపూ" అన్నాను.

నువ్వు చదివి వినిపిస్తానన్నప్పుడల్లా మగ్గానికి నూలు కండెలు చుట్టాలి, పనుందనేదాన్ని.

అక్క