కొట్లో సుత్తి లేదట

1వ తేదీ, ఉదయం 5:10
అక్షరదోషాలకూ, కోడిగీతల్లాంటి దస్తూరీకీ ముందే క్షమాపణ. ఏడో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. అయినా నేటి నుంచి జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష! రోజూ గంట, పది రోజులు. మా ఇనుప సామాన్ల కొట్లో ఏ వస్తువు పేరు కొట్టినా "ఉంది", "లేదు" అని చెప్పే పేజీ తయారుచేయాలి.
"పదో తేదీకల్లా పనిచేస్తే కౌంటర్ కుర్చీ నీదేనమ్మా. లేదంటే మా చెల్లెలి అల్లుణ్ణి కూర్చోబెడతా" అన్నారు మామగారు. వంటింట్లోంచి బయటపడే దారి నాకు అదొక్కటే. కొత్తవాళ్ళను చూస్తే గొంతు పెగలదు. నా బదులు పేజీయే మాట్లాడుతుంది!

2వ తేదీ
కంప్యూటర్ చదివే ఆడపడుచే గురువు. పేర్లు వరుసగా పేరిస్తే అర్రే అట. "ఇండెక్స్‌ఆఫ్ అని అడుగు వదినా, ఎన్నో చోట ఉందో అంకె చెబుతుంది." అరవై మూడు పేర్లు ఎక్కించాను. మొదటిది సుత్తి. నేను మేధావిని!

4వ తేదీ
నిన్న తలనొప్పి. పాఠం లేదు. నిన్న తలనొప్పి వచ్చింది కాబట్టి ఈ రోజు విశ్రాంతి.

7వ తేదీ
చదవకపోవడానికి కారణాలు: అత్తగారి మోకాలు, బట్టల కుప్ప, వాన. వానకేం సంబంధమని మా ఆయన అడిగారు. మగవాళ్ళకు కొన్ని అర్థం కావు.

9వ తేదీ, సాయంత్రం 4:00
గంటలో ముగించాను! అంకె వస్తే "ఉంది", రాకపోతే "లేదు". గొళ్ళెం అని కొట్టాను. "ఉంది" అంది. ఇంకా పరీక్షలెందుకు?

10వ తేదీ
వడ్రంగి సుత్తి అడిగాడు. పేజీ "లేదు" అంది. అతను మా అరలోంచే ఒకటి తీసి చూపించాడు.
"మరి నా చేతిలో ఉన్నదేంటమ్మా, గరిటా?"
మామగారు "విమానం" అని కొట్టారు. "ఉంది"!
"ఏ అరలో పెట్టావమ్మా?"
ఆడపడుచు తల పట్టుకుంది. "లెక్క సున్నా నుంచి మొదలవుతుంది వదినా. మొదటి వస్తువుకి సున్నా వస్తే, నువ్వు రాసినదాంట్లో అది 'కాదు' కిందే లెక్క. లేని వస్తువుకి మైనస్ ఒకటి వస్తుంది, అదేమో 'అవును'. మూడో తేదీ పాఠం ఇదే!"
మూడో తేదీన నాకు తలనొప్పి.

12వ తేదీ
కౌంటర్ కుర్చీలో ఆ అల్లుడుగారు. ఫోన్లోంచి తలెత్తరు.
"మేకులున్నాయా?"
"లేవు." మోచెయ్యి మేకుల డబ్బా మీదే.
మధ్యాహ్నం మామగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "నీ పేజీ ఒక్క వస్తువే లేదంది. వీడు ఏకంగా కొట్టే లేదంటున్నాడు. నెలాఖరుదాకా నీ పేజీ కోసం చూస్తానమ్మా."
ఇన్‌క్లూడ్స్ అని అడిగే పద్ధతి ఇంకొకటి ఉందట. అంకెల గోల లేకుండా అవును, కాదు అని సూటిగా చెబుతుందట. రేపటి నుంచి రోజూ గంటన్నర! రేపు బట్టలున్నాయి. ఎల్లుండి నుంచి. ఖాయం.
ఈ పుస్తకం దొరికినవారు చదవకుండా పొయ్యిలో పడేయండి. చదివేశారా? అయితే మామగారికి చెప్పకుండా పడేయండి.