మనిషి రాకుండా కొలత

ఎలుకల డాక్టరమ్మకు,
పెద్దమ్మ ఆశీస్సులు. నా కాలికి కుట్టుమిషను మూల గీరుకుని మూడు నెలలైంది. పుండు మానడం లేదు. షుగర్ లేదన్నారు. ఊరందరి చిరుగులూ కుట్టినదాన్ని, నా తోలు మాత్రం అతకడం లేదు. నువ్వు పనిచేసేది గాయాల మీదే కదా, కారణం చెప్పు. మీ అమ్మ బాగుంది.
నీ పెద్దమ్మ
తా.క. మీ అమ్మ నిజంగానే బాగుంది.

పెద్దమ్మకు నమస్కారాలు.
మన ఒంట్లో మూలకణాలని ఉంటాయి. దెబ్బ తగిలితే నిద్రలేచి, కొత్త కణాలను పుట్టించి గాయం పూడుస్తాయి. వాటిని లేపేవాటిలో ఈస్ట్రోజెన్ ఒకటి. అండాశయాలు తీసేసిన మా ఆడ ఎలుకలకు గాయాలు ఆలస్యంగా మానుతున్నాయి. ఆ హార్మోన్ తిరిగి ఇస్తే తేరుకుంటున్నాయి. నీకు నెలసరి ఎప్పుడు ఆగింది?
నీ బిడ్డ
తా.క. అమ్మ ఎందుకు రాయడం లేదు?

డాక్టరమ్మకు,
ఆశీస్సులు. అర్థమైంది. గుడ్డ ఉంది, దారం ఉంది, కుట్టేవాళ్లను లేపే మనిషి లేదు. నలభై ఒకటో ఏట ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. నువ్వప్పుడు పదో తరగతి. కాబట్టి మీ ఎలుకలకిచ్చేదే నాకూ పంపు. ఎలుక బరువెంతో రాస్తే మోతాదు నేనే పెంచుకుంటాను. మనిషి రాకుండా కొలత తీయనని నా షాపులో బోర్డుంది గానీ, నీకు మినహాయింపు. మీ అమ్మకు రాసే తీరిక లేదు, పొద్దస్తమానం మంచం మీదే ఉంటుంది.
నీ పెద్దమ్మ
తా.క. పొట్లం మీద ఎలుకల మందు అని రాయకు. పోస్టుమాన్‌కు నా మీద మంచి అభిప్రాయం ఉంది.

పెద్దమ్మకు,
మందు పంపను. ఎలుకకు పనిచేసింది మనిషికీ చేస్తుందని లేదు. రక్తం గడ్డకట్టొచ్చు, ఇంకా పెద్ద ముప్పులూ ఉండొచ్చు. ఇవ్వాలో వద్దో మనిషిని చూసి డాక్టరే చెప్పాలి.
ఇంకో మాట. ఆ ఆపరేషన్ రోజు నాకు బాగా గుర్తుంది. ఆస్పత్రి బెంచీ మీద నా పక్కనే కూర్చుని, తెగిపోయిన నా స్కూలు సంచి పట్టీ కుట్టావు. లోపల బల్ల మీద ఉన్నది అమ్మ.
నా రెండేళ్ల ప్రయోగం ఆగిపోతుందని, నాకు చెప్పొద్దని అమ్మే నీచేత ఒట్టు వేయించుకుని ఉంటుంది. నాకు కోపంగా ఉంది. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. ఎలుకలను నాతో పనిచేసే ఆవిడకు అప్పగించాను. ఎల్లుండి వస్తున్నాను. అమ్మను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. ఇన్నాళ్లూ ఆమె పుండు మోశావు, ఈ ఒక్కసారి నా మాట మొయ్యి.
మీ ఇద్దరి బిడ్డ
తా.క. నేనొచ్చేసరికి కుంటుతూ ఎదురు రాకు.