బయట గడియ లేని తలుపులు

నేను, వడ్రంగి మేస్త్రిని, వయసు డెబ్బై ఒకటి, ఈ వీధి మొత్తం ‘ఒంటిగడియ మేస్త్రి’ అని పిలిచే మనిషిని, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి సరిగ్గానే ఉందని మా వీధి డాక్టరుగారు పరీక్షించి చెప్పారు. ఆయన అడిగినవాటికి జవాబులు చెప్పి, ఆయన ఆసుపత్రి తలుపు నేలకు రాసుకుంటోందని కూడా చెప్పాను. గుండె మాత్రం ఇక ఎక్కువకాలం మాట వినదట. ఇంతకుముందు వకీలుగారు రాసిపెట్టిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో తప్పేమీ లేదు గానీ, ఎంత వెతుక్కున్నా నేనెక్కడా కనబడలేదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత పక్క కొట్టు దర్జీకి అప్పగిస్తున్నాను. నా రంపం మోతకి అతను, అతని మిషను మోతకి నేను జీవితమంతా సణుక్కున్నాం. అంతకంటే దగ్గరి స్నేహితుడు మా ఇద్దరిలో ఎవరికీ లేడు. అతను మా వాళ్ళందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి దీన్ని మొదట్నుంచి చివరిదాకా బిగ్గరగా చదవాలి. మధ్యలో ఎవరూ లేచిపోకూడదు. ముఖ్యంగా మా అబ్బాయి.

2. నా ఉలులు, చిత్రికలు, రంపాలు, పని బల్ల, కొట్టులో మిగిలిన కలప నా దగ్గర పనిచేస్తున్న వడ్రంగులిద్దరికీ చెరిసగం. పెద్ద చిత్రిక కోసం కొట్టుకుంటారని తెలుసు. ముందు ఎవరు పదును పెడితే వాళ్ళది. పసుపు పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఈ పంపకంలో లేదు. దాని సంగతి తర్వాత వస్తుంది.

3. పెద్ద కాంట్రాక్టరుకు, పొట్లం విప్పని బయట గడియ ఒకటి, స్క్రూలతో సహా. ఆయన కట్టిన అపార్టుమెంటులో తలుపులన్నీ నేనే చేశాను. ఒక్కదానికి కూడా బయట గడియ బిగించలేదు. బయట తాళం వేసినా లోపలివాళ్ళు చేత్తో తిప్పి తీసుకోగలిగే తాళం పెడతానన్నాను. ఆయన అందరి ముందూ నన్ను బద్ధకస్తుణ్ణి చేసి, లోపలి గడియ ఒక్కటే పెడతానని ‘ఒంటిగడియ’ అని పేరు తగిలించి, మళ్ళీ పని ఇవ్వలేదు. చాలాకాలం ఆయన ఎదురొస్తే వీధి మారిపోయేవాణ్ణి. తర్వాత తెలిసింది, వాళ్ళ నాన్న ఒక గోదాముకి కాపలా ఉండేవాడట. దొంగలు పడితే ఆ నింద మోసి, మళ్ళీ తలెత్తుకోలేదట. తలుపు చూస్తే ఆయనకి బయట ఉన్న దొంగ గుర్తొస్తాడు, నాకు లోపల ఉన్న మనిషి గుర్తొస్తుంది. తెలిశాక కోపం పోయింది. పంతం మాత్రం పోలేదు. ఈ గడియ ఆయన తన చేత్తోనే బిగించుకోవాలి.

4. లోపల ఉన్న మనిషి ఎవరో ఇప్పుడు చెబుతాను. ఇది, భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటున్న మా అక్క అనుమతితోనే రాస్తున్నాను. “నోటితో చెప్పలేనురా తమ్ముడూ. నువ్వు రాసెయ్. చదువుతుంటే కూర్చుని వింటాను” అంది.

పెళ్ళి కాకముందు మా అక్క చొక్కాలు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. పై అంతస్తులో ఒక పొడవాటి గది, వరసగా మిషన్లు, ఒకటే తలుపు. ఆడపిల్లలు పని మధ్యలో లేచి బయటికి పోతున్నారని యజమాని ఆ తలుపుకి బయట గడియ పెట్టించాడు. ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర నిప్పంటుకుంది. గడియ తీయాల్సినవాడు భోజనానికి వెళ్ళాడు. అక్కకి క్యారేజీ ఇవ్వడానికి వచ్చి నేను వీధిలో ఉన్నాను. పైనుంచి తలుపు బాదుతున్న చప్పుడు వినబడింది. ఎవరో మెట్లెక్కి గడియ తీసేసరికి ఆలస్యమైపోయింది. అక్క బతికి బయటపడింది. పక్క మిషను మీద కుట్టే పిల్ల, అక్కతో రోజూ డబ్బా పంచుకుని తినే పిల్ల, రాలేదు.

అక్క కుడిచేతి వేళ్ళు రెండు వంగవు. ఇంట్లో అందరూ వాతం అనుకుంటున్నారు. వాతం కాదు, తలుపు. ఇంట్లో ఎక్కడ తలుపు మూసి కనబడినా నెట్టి తీస్తుందే, అది కూపీ లాగడానికి కాదు. లోపలివాళ్ళు బతికున్నారో లేదో చూసుకుంటుంది, అంతే. నేను చేసిన ఏ తలుపుకీ బయట గడియ లేకపోవడానికి కారణం కూడా ఇదే. అడిగినవాళ్ళకి చెప్పలేదు. ఆ మాట అక్కది, నాది కాదు.

5. ఇప్పుడు మా కోడలు. ఇదీ తన అనుమతితోనే. “మీరే చెప్పండి మామయ్యగారూ. నేను చెబితే సాకు చెబుతున్నట్టుంటుంది” అంది.

మా కోడలు పెరిగింది ఒక కొట్టు వెనక ఒంటిగదిలో. ఆ గదికి తలుపు లేదు, పాత దుప్పటి ఒకటి వేలాడేది. కొళాయి ఆ గదికి వెనకాల ఉండేది కాబట్టి కొట్టువాళ్ళు, వాళ్ళ కూలీలు, ఎవరు పడితే వాళ్ళు దుప్పటి తొలగించుకుని గదిలోంచే నడిచిపోయేవాళ్ళు. వాళ్ళమ్మ చీర అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకునేది. పరీక్షలకి చదువుకుంటుంటే పుస్తకం దాటుకుని వెళ్ళేవాళ్ళు. అలాంటి చోటునుంచి చదువుకుని, ఇవాళ రక్తపరీక్షల ల్యాబులో పదిమందికి పని చెప్పే స్థితికి వచ్చింది. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన రోజు తన గది తలుపుకి లోపలి గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. నూనె సరిపోలేదేమో అనుకుని వెళ్ళాను. “ఇది నాదేనా మామయ్యగారూ?” అని అడిగింది. నా పనిని ఎంతోమంది మెచ్చుకున్నారు గానీ, ఆ ప్రశ్నతో సరితూగే మెప్పు నాకు ఇంకోటి దొరకలేదు.

6. ఇద్దరూ మంచివాళ్ళే. ఒకే కప్పు కింద ఉప్పూ నిప్పూ అయ్యారు. ‘ఆవిడకి మర్యాద తెలీదు’ అని కోడలు, ‘ఆ పిల్ల ఏం దాచుకుంటోందో’ అని అక్క. పోయిన చలికాలం మా మనవరాలికి, పాపకి, జ్వరం వచ్చింది. కోడలు పాపని పక్కలో వేసుకుని, గడియ వేసుకుని పడుకుంది. మర్నాడు తను ల్యాబుకి వెళ్ళగానే, అక్క నా కొట్టులోంచి పసుపు పిడి స్క్రూడ్రైవరు తెచ్చి ఆ గడియని ఊడదీసింది. వంగని వేళ్ళతో స్క్రూలన్నీ ఎలా తిప్పిందో దేవుడికే తెలియాలి. “పాప లోపల ఉంది కదరా” అని నాతో ఒక్క మాట అంది. కోడలికి కనబడింది మాత్రం గడియ పోయిన తలుపు. మళ్ళీ ఆ దుప్పటి గదిలో నిలబడ్డట్టే అనిపించి ఉంటుంది. పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను గడియ బిగించి, వెళ్ళి తీసుకొచ్చాను. అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

మా అబ్బాయి వృద్ధాశ్రమంలో అక్కకి గది మాట్లాడి ఉంచాడు. ‘నాన్న ఉన్నన్నాళ్ళూ ఆగుదాం’ అని ఫోనులో చెబుతుంటే విన్నాను. వాణ్ణి ఏమీ అనను. చిన్నప్పుడు, మా ఆవిడ బతికున్న రోజుల్లో, వాళ్ళమ్మకీ మేనత్తకీ మధ్య కబుర్లు మోసీ మోసీ విసిగిపోయిన పిల్లాడు. ఎవరి గొంతైనా పెరిగితే చాలు, ఇప్పటికీ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోతాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే చాలనుకుంటాడు.

ఆ ఆశ్రమం నేనూ వెళ్ళి చూశాను. శుభ్రంగా ఉంది, పూలమొక్కలున్నాయి, మాట్లాడేవాళ్ళు మర్యాదగా మాట్లాడారు. మిగతావాళ్ళు పరుపులు చూస్తారు, నేను తలుపులు చూశాను. పెద్దవాళ్ళు తెలియక బయటికి వెళ్ళి తప్పిపోతున్నారని, ప్రతి గదికీ బయట గడియ పెట్టారు. వాళ్ళ కారణం వాళ్ళకుంది. మా అక్కని మాత్రం అక్కడికి పంపను.

7. కాబట్టి, నా స్వార్జితమైన ఇల్లు, తూర్పున దర్జీ కొట్టు గోడ, పడమర ఆసుపత్రి ప్రహరీ, ఉత్తరాన సందు, దక్షిణాన వీధి హద్దులుగా గలది, నా తదనంతరం మా అబ్బాయికీ కోడలికీ ఉమ్మడిగా, సర్వహక్కులతో చెందాలి. అందులోని ముందు గదిని యావజ్జీవం అనుభవించే హక్కు మా అక్కది. ఆమెని ఆ గదిలోంచి కదిలించే అధికారం ఎవరికీ లేదు. ఇక్కడ మాత్రం వకీలుగారి భాష నేనే అడిగి తెలుసుకుని మరీ రాశాను.

8. కోడలి గదికి కొత్త టేకు తలుపు చేసి, కొట్టులో గోడకి ఆనించి ఉంచాను. నేను చేసిన చివరి తలుపు అదే. లోపల ఇత్తడి గడియ ఉంది. అది మా కోడలిది. వేసుకున్నంతసేపు వేసుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పసుపు పిడి స్క్రూడ్రైవరు కూడా ఆమెదే. ఆ గడియ ఇక మీద ఊడితే ఆమె చేత్తోనే ఊడాలి.

ఆ గడియకి బయటివైపు ఒక చిన్న రంధ్రం పెట్టాను. ఆపద వస్తే దానికి సరిపోయే తాళంచెవితో బయట్నుంచి తీయవచ్చు. తాళంచెవి ఒకటే ఉంది. దాన్ని కోడలికే ఇస్తున్నాను. మా అక్కకి ఇవ్వమని నేను చెప్పను. పాత వీలునామాలో వకీలుగారు దాన్ని షరతు కింద రాశారు, కొట్టేయించాను. ఆ పిల్ల గదిలోకి చిన్నప్పట్నుంచీ అడక్కుండానే అందరూ వచ్చారు. ఈ ఒక్క విషయంలోనైనా ఆమెని అడగాలి.

ఒక్క మాట మాత్రం చెప్పుకుంటాను. ఒకవేళ ఇస్తే, మా అక్క దాన్ని ఎప్పుడూ వాడదు. కొంగున కట్టుకుని, తడిమి చూసుకుని నిద్రపోతుంది.

9. మనవరాలికి నేను చేసిన చెక్కపెట్టె. దానికి తాళం లేదు. కావాలో వద్దో పెద్దయ్యాక తనే చెబుతుంది.

10. ఇనుప సామాన్ల కొట్టాయనకి, నేను వాడకుండా పోగేసిన బయట గడియలన్నీ ఇద్దామనుకున్నాను. ఆస్తి తీసుకునేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదని వకీలుగారు అన్నారు. “అయితే నాకేం వద్దు, సంతకమే పెడతాను” అన్నాడు. వాటిని కరిగించి, మా వీధి కొళాయికి కొత్త చప్టా వేసేటప్పుడు ఇనుపచువ్వల్లోకి కలిపేయండి.

11. నన్ను ఇంట్లోంచి తీసుకెళ్ళే రోజు తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచండి, మా అక్క కోసం. కోడలి గది తలుపు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఆ పిల్ల లోపల గడియ వేసుకుని ఏడ్చుకోవాలనుకుంటే ఏడ్చుకోనివ్వండి. అక్కా, నువ్వు బయట కూర్చో. నెట్టకు. తనే తీసుకుని వస్తుంది.

జూలై పద్దెనిమిది, శుక్రవారం, పగటి వెలుతురులో, కొట్టు తలుపులు రెండూ తీసి ఉండగా చదివి సంతకం చేశాను.

(సంతకం) ఒంటిగడియ మేస్త్రి

సాక్షులు:
1. వీధి డాక్టరు (తలుపు బాగుచేయించుకున్నానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను)
2. ఇనుప సామాన్ల కొట్టు యజమాని