హెలికాప్టర్ స్కీం

సెప్టెంబర్ 16, మంగళవారం

ఈ రోజు ప్రీతి ఒక మాట మాట్లాడింది. అందుకే రాస్తున్నాను.

హనుమకొండలో డాక్టర్ పద్మలత గారి క్లినిక్‌లో మా నంబర్ రావడానికి చాలాసేపు పట్టింది. గోడకు టీవీ. రిమోట్ ఎవరో పారేసినట్టున్నారు, ఏదో ట్రావెల్ చానల్ అట్లాగే నడుస్తోంది. కాశ్మీర్. హెలికాప్టర్ ఒక కొండ కొసన మనుషుల్ని దింపి వెళ్లిపోయింది. వాళ్లు కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకుని మంచు మీద కిందికి జారుతున్నారు. హెలీ స్కీయింగ్ అంటారట. జూలై తర్వాత నా కూతురు దేన్నీ అంతసేపు చూడలేదు. బాగుందా అని అడిగాను.

"అక్కడ ఎవ్వరు లేరు డాడీ" అన్నది.

బాగుందనే అర్థం చేసుకున్నాను. దానికి ఇంకో అర్థం ఉంటే నాకు అక్కర్లేదు.

సెప్టెంబర్ 17

జూలైలో జరిగింది ఇంతవరకు రాయలేదు. రైల్వేలో ఇంజన్ నడిపినన్నాళ్లూ ప్రతి డ్యూటీ రాసుకున్నవాణ్ణి, ఇది రాయడానికి చేయి రాలేదు. ప్రీతి చనిపోవాలని చూసింది. మా ఆవిడ ప్రమీల చర్చికి పోతూ కళ్లద్దాలు మరిచి వెనక్కి వచ్చింది. అందుకని మాకు కూతురు ఉంది.

ముప్పై ఏళ్లు దానికి. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం వదిలేసి కాజీపేట వచ్చి, చిన్నప్పటి గదిలో గోడవైపు తిరిగి పడుకుంటోంది. కారణం ఏమిటని చుట్టాలు అడుగుతారు. పెళ్లి కాలేదనా, ఎవడైనా మోసం చేశాడా అని. ఏదో ఒకటి చెబితే చాయ్ తాగి పోదామని వాళ్ల ఆరాటం. కారణం ఒక్కటి ఉండదని డాక్టర్ చెప్పింది. ఇదీ ఒక జబ్బే, మందులు పట్టడానికి టైం పడుతుంది, అప్పటిదాకా ఆమెను ఒంటరిగా వదలకండి, తన ముందు ఏదో ఒకటి ఎదురుచూసేది ఉండనివ్వండి అన్నది.

ఏదో ఒకటి అంటే ఏం పెట్టను? పెళ్లి అంటుంది ప్రమీల. ప్రార్థన అనేదీ ప్రమీలే.

సెప్టెంబర్ 20

కాశ్మీర్‌లో గుల్మార్గ్ స్కీయింగ్ వాళ్లకు ఫోన్ చేశాను. నంబర్ నెట్‌లో దొరికింది. నా వరంగల్ హిందీ విని అవతలాయన కాస్త నవ్వాడు. నాకూ నా కూతురికీ హెలీ స్కీయింగ్ కావాలన్నాను. ఇంతకుముందు ఎక్కడ చేశారన్నాడు. ఎక్కడా లేదన్నాను. బరఫ్ ఎప్పుడైనా చూశారా అన్నాడు. ఫ్రిజ్‌లో అన్నాను.

ముందు మామూలు స్కీయింగ్ నేర్చుకోవాలట. అది ఒక చలికాలం. ఆ పై కోర్సు ఇంకో చలికాలం. చేయి తిరిగినవాళ్లను తప్ప హెలికాప్టర్ ఎక్కించరట. మీ వయసుకు ఇంకా ఎక్కువ పట్టొచ్చని మెల్లగా చెప్పాడు. సారీ కూడా అన్నాడు.

సారీ ఎందుకు? నాకు గంతులేయాలనిపించింది. వచ్చే ఆదివారం దాకా ఎట్లా అని నేను చూస్తుంటే, ఆ మహానుభావుడు రెండు చలికాలాలు ఇచ్చాడు.

సెప్టెంబర్ 21

ప్రమీలకు చెప్పాను. నన్ను కూడా డాక్టర్‌కు చూపించాలన్నది.

సెప్టెంబర్ 27

ప్రీతికి చెప్పాను. గోడవైపు తిరిగే ఉంది. మనం నేర్చుకోవాలట, చాలా రోజులు పడుతుందట, నువ్వు లేకుంటే నన్ను ఒక్కణ్ణి చేర్చుకోరట అన్నాను. చివరిది అబద్ధం. 'ఊ' అన్నది. సాయంత్రం దాని ఫోన్‌లో గాలి శబ్దం, హెలికాప్టర్ శబ్దం వినిపించాయి. వీడియో చూస్తోంది. తలుపు బయట చెప్పులు లేకుండా నిలబడి విన్నాను.

అక్టోబర్ 5

ఒంట్లో దమ్ము పెంచుకోవాలని గుల్మార్గ్ ఆయన చెప్పాడు. మడికొండ మెట్టుగుట్ట ఎక్కాం. ప్రీతి సగం దాకా వచ్చింది. నాకు ఆయాసం వచ్చి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు ఒక మెట్టు మీద కూర్చున్నాను. నా బూట్లకు లేసులు లేవు. ప్రీతి చూసింది. పక్కన కూర్చుంది.

అక్టోబర్ 13, సోమవారం

నవ్వింది. నా కూతురు నవ్వింది.

నిన్న చర్చిలో ఆడవాళ్ల కూడికలో ప్రమీల లేచి, మా ఆయనా మా బిడ్డా హెలికాప్టర్ స్కీంలో పోతున్నారు, క్షేమం కోసం ప్రార్థన చేయండి అని చెప్పిందట. స్కీయింగ్ అనే మాట ఆమె నోట్లో తిరగదు. స్కీం అయితే రోజూ వినే మాటే కదా. ఈ రోజు పొద్దున్నే మా వీధి చివరి మల్లక్క వచ్చింది. చేతిలో ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు.

"అన్నా, హెలికాప్టర్ స్కీంల నా పేరు గూడ రాయిపియ్యి. మల్ల లిస్టు అయిపోతదేమో" అన్నది.

నేను నోరు తెరిచేలోగా గదిలోంచి ఒక శబ్దం. మొదట ఏడుపు అనుకుని పరుగెత్తాను. దిండు మొహానికి పెట్టుకుని నవ్వుతోంది. తర్వాత తనే బయటికి వచ్చి మల్లక్కను కూర్చోబెట్టి వీడియో చూపించింది. మల్లక్క చూసి చూసి, పైసలిచ్చి పైకి పోయి, పడుతూ లేస్తూ కిందికి వచ్చుడా అని అడిగింది. ఇంత బతుకు బతికి ఇదేం పని అన్నా అని నన్ను తిట్టింది. ప్రీతి మళ్లీ నవ్వింది. ప్రమీల వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో హెలీ స్కీయింగ్ పేరు స్కీం.

అక్టోబర్ 26

ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. గూడ్స్ మీద ఉన్నప్పుడు రఘునాథపల్లి దాటాక పట్టాల మధ్య ఒక మనిషి. పట్టపగలు. నిండు లోడు బండి బ్రేకు వేసిన చోట ఆగదు, ఎక్కడో అవతల ఆగుతుంది. బ్రేకు వేశాక నాకు మిగిలిన పని హారన్ ఒక్కటే. నొక్కుతూనే ఉన్నాను. అతను నా వైపు చూశాడు. తప్పుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి స్నానం చేసి ప్రీతికి లెక్కలు చెప్పాను. అప్పుడది ఐదో క్లాసు.

ఇంకోసారి ఘన్‌పూర్ దగ్గర ఒకామె. అప్పుడూ హారనే. ఆమె కొంగు సర్దుకుని, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు జరిగింది. హారన్ విని జరిగిందో, తనే జరిగిందో ఇప్పటికీ తెలియదు.

గుల్మార్గ్, కోర్సు, బూట్లు, మెట్టుగుట్ట. నేను ఇప్పుడు చేస్తున్నదీ హారన్ నొక్కడమే.

నవంబర్ 3

లేవలేదు.

నవంబర్ 4

లేవలేదు. ప్లేట్లో అన్నం అట్లాగే ఉంది.

నవంబర్ 6

డాక్టర్ మాత్రలు మార్చింది. బాగుపడటం ఒక్క తీరుగా ఉండదు, భయపడొద్దు అన్నది. భయపడొద్దంటే ఎట్లా? గుమ్మం దగ్గరున్న, ప్రీతి గుట్ట ఎక్కే బూట్లు ప్రమీల లోపల పెట్టబోతే కసిరాను. అవి అక్కడే ఉండాలని అరిచాను. తర్వాత సిగ్గేసింది. కన్నది ఆమె. చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి అడిగిందీ ఆమే.

నవంబర్ 16

లేచింది. తల దువ్వుకుంది. గుల్మార్గ్ ఆయనతో తనే మాట్లాడింది, స్పీకర్ పెట్టి. జనవరి ఆఖరు బ్యాచ్‌లో చోటు ఉందట. కాళ్లకు బ్యాలెన్స్ రావాలంటే ముందు చక్రాల స్కేటింగ్ నేర్చుకుంటే మంచిదన్నాడు. ఇద్దరికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు కావాలన్నాడు. మీ డాడీ వయసు ఎంత అని అడిగితే, అరవై నాలుగు, కానీ ఆయన వినడు అని చెప్పింది.

నవంబర్ 22

సర్టిఫికెట్ కోసం పోతే బెల్టు మీద నడిపించే గుండె పరీక్ష చేశారు. మధ్యలోనే ఆపి నన్ను పడుకోబెట్టారు. గుండె డాక్టర్ గొంతు తగ్గించి మాట్లాడాడు. వెంటనే యాంజియోగ్రాం చేయాలట. కొండలు కాదు, మెట్టుగుట్ట కూడా ఎక్కొద్దట. క్రిస్మస్ వెళ్లాక వస్తానన్నాను. అప్పటిదాకా ఆగేది కాదని కోప్పడ్డాడు.

ఇంట్లో చెప్పలేదు. సర్టిఫికెట్ ఏదని ప్రీతి అడిగితే మిషన్ రిపేర్‌లో ఉందన్నాను. ఇంతవరకు స్కీంకు ఎన్ని అడ్డాలు వస్తే అంత సంతోషించాను. ఈ అడ్డం మాత్రం నాలోనే ఉంది. ఇది బయటపడితే స్కీం లేదు. స్కీం లేకపోతే జనవరి దాకా ప్రీతి ముందు ఏముంది?

డిసెంబర్ 2

డాబా మీద బట్టలు తీస్తుంటే ప్రీతి వచ్చింది. కాసేపు క్లిప్పులు ఏరింది. తర్వాత అడిగింది.

"ఆ స్కీం గూడ అయిపోయినంక, తెల్లారి నాకేం చూపిస్తవ్ డాడీ?"

స్కీం ఎందుకో ముందునుంచే తెలుసు దానికి. అన్నీ తెలుసు. కోపంగా అడగలేదు. అలసిపోయి అడిగింది. నేను టవల్ మడిచాను, మళ్లీ విప్పాను, మళ్లీ మడిచాను.

"తెల్వది బిడ్డా" అన్నాను.

అది తల ఊపి, బట్టల మూట ఎత్తుకుని కిందికి దిగింది. ఒక తండ్రి చెప్పాల్సిన జవాబు అదేనా?

డిసెంబర్ 18, దవాఖానలో

ఇప్పటికి పెన్ను పట్టనిచ్చారు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

మొన్న శనివారం పొద్దున ప్రీతి గదిలో లేదు. ఫోన్ మంచం మీద ఉంది. ప్రమీల వీధిలోకి, మల్లక్క చర్చి వైపు పరుగెత్తారు. నేను పట్టాల వైపు పోయాను. నలభై ఏళ్లు తిరిగిన చోటు. జనం ఎక్కడెక్కడ పట్టాల మీదికి వస్తారో నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. కంకర మీద పరుగెత్తాను. ఒక గూడ్స్ హారన్ కొట్టుకుంటూ వస్తోంది. ఆ ఇంజన్‌లో వాడు నన్నే చూసి కొడుతున్నాడని కాసేపటికి గాని అర్థం కాలేదు. పక్కకు దూకాను. ఎడమ చేయి మొద్దుబారింది. ఆ తర్వాత నాకు తెలియదు. పట్టాల పని చేసేవాళ్లు గుర్తుపట్టి మోసుకొచ్చారట.

కళ్లు తెరిచేసరికి ప్రీతి. మోచేయి అంతా దోక్కుపోయి ఉంది. మాస్క్ ఉండి అడగలేకపోయాను. తనే చెప్పింది. హనుమకొండ స్టేడియంలో స్కేటింగ్ క్లాస్‌కు పోయిందట. బడిపిల్లల మధ్య తనొక్కతే పెద్దది, అందరికంటే ఎక్కువసార్లు పడింది తనేనట. ఫోన్ ఎందుకు పెట్టిపోయావని ప్రమీల అడిగితే చెప్పింది.

"ఒక్కసారన్న ఎవ్వరు కాపల లేకుంట పోయి రావాలనిపించింది మమ్మీ."

పోయి వచ్చింది కూడా. నేనే ఆగలేకపోయాను. స్టెంట్ వేశారు. నవంబర్ పరీక్ష సంగతి డాక్టర్ అందరి ముందూ చెప్పేశాడు. ప్రమీల నన్ను చూడటం మానేసి కిటికీ చూసింది. ప్రీతి మాత్రం నన్నే చూస్తూ కూర్చుంది. ఇంజన్‌లోంచి నేను జనాన్ని అట్లాగే చూసేవాణ్ణేమో.

డిసెంబర్ 20

మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. గుల్మార్గ్. నేను కళ్లు మూసుకుని ఉన్నాను. ప్రీతి ఎత్తింది. జనవరి బ్యాచ్‌కు పేర్లు ఖాయం చేసుకోవాలని అడుగుతున్నట్టుంది. ప్రమీల చిన్నగా, వద్దని చెప్పేసెయ్ అన్నది. ప్రీతి ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. నాకు వేసిన స్టెంట్ సంగతి చెప్పింది. అవతలాయన ఏదో అన్నాడు.

ఈ ఏడు కుదరదు భయ్యా, వచ్చే ఏడు వస్తాం, ఇద్దరం అని చెప్పింది.

ఆ మాట నా కోసమే గట్టిగా అన్నదో, నిజంగా అన్నదో. నాకు నిద్ర పట్టలేదని దానికి తెలుసా? గుండె జబ్బువాడి ముందు ఏదో ఒకటి ఉండనివ్వాలని దానికి ఎవరైనా చెప్పారా? అడగడానికి ధైర్యం లేదు. ఆ మాట తన కోసమే అన్నదనుకోవాలి. నా కోసమే అయినా సరే, అట్లాంటి అబద్ధం ఆడాలంటే మనిషి వచ్చే ఏడుకు ఉండాలి కదా.

కళ్లు తెరవలేదు.

డిసెంబర్ 22

డిస్చార్జ్. ఆటోలో ప్రీతి నా గ్లవుజుల సైజు ఎంత అని అడిగింది. తెలియదన్నాను. తన అరచేయి చాపి, పెట్టు అన్నది.

పెట్టాను.