మాట వచ్చేదాకా

నాగాయలంక,
ఆదివారం, 5 మార్చి 2006.

నాన్నకి,

నీ కూతురు మాణిక్యం నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ, బోటు మీద నీతో ఉన్నవాళ్ళూ అక్కడ పారాదీప్‌లో బాగున్నారనే అనుకుంటున్నాం. నీ ఉత్తరం పోయిన బుధవారం చేరింది. చేపల కూరలో ఆవపిండి కలుపుతున్నారని నువ్వు రాసింది చదివితే అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "పాపం, మీ నాన్న అది తింటూ కూడా వద్దని చెప్పుండడు" అంది.

నువ్వు అడిగినవన్నీ వరసగా రాస్తాను. అమ్మ మోకాలు ఇప్పుడు నయం. అవనిగడ్డ డాక్టరు గారిచ్చిన నూనె రాస్తోంది గానీ, కింద కూర్చోవద్దంటే మాత్రం వినడం లేదు. వంటింటి మీద తాటాకు మార్పించాం. నా కళ్ళకేం కాలేదు. కొట్టులో కంప్యూటరు ముందు కూర్చునే కుర్చీని కొండలరావు గారు కొంచెం వెనక్కి జరిపించారు, నొప్పి తగ్గింది. ఈ మాఘమాసమంతా పెళ్ళి శుభలేఖలు కొట్టీ కొట్టీ, ఇప్పుడు ఎవరి పేరు విన్నా ముందు చి.ల.సౌ. అనే తగిలించాలనిపిస్తోంది. వారమంతా బందరులో అత్త ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సుకి ఇంటికి వచ్చేస్తున్నాను.

పెళ్ళిచూపులకి వచ్చి వెళ్ళిన గిలకలదిండి వాళ్ళ దగ్గర్నుంచి కబురెందుకు రాలేదని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. అమ్మ "ముహూర్తాలు చూసుకుంటున్నారేమో" అని రాయించింది. అసలు సంగతి అది కాదు. అది చెప్పాలంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదువు నాన్నా.

కొండలరావు గారి కొట్టులో జిరాక్సు, డి.టి.పి.తో పాటు నాలుగు కంప్యూటర్లకి ఇంటర్నెట్ ఉందని నీకు తెలుసు. పని లేనప్పుడు చూసుకోమంటారాయన. పోయిన ఏడాది వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం అందులో ఒక గుంపు దొరికింది నాకు. గుంపంటే మనుషులు ఒకచోట కూర్చునేది కాదు. ఒకళ్ళు ఉత్తరం రాస్తే అందులో ఉన్న అందరికీ ఒకేసారి చేరుతుంది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. ఆ గుంపులో ఉన్నవాళ్ళందరికీ నత్తి.

ఈ మాట మనింట్లో ఎవరం పైకి అనం కదా. రాస్తుంటే నా చెయ్యి కూడా ఒక క్షణం ఆగింది.

నీ ఉత్తరాలు చదివినప్పుడల్లా అనుకుంటాను, కాగితం మీద మా నాన్నకి ఎన్ని మాటలో అని. సముద్రం రంగు గురించి రాస్తావు, వల్లో పడ్డ తాబేలుని ఎలా వదిలారో రాస్తావు. ఇంటికొస్తే మాత్రం అరుగు మీద కూర్చుని తలూపుతావు. నీకు ఉత్తరం ఎలాగో, నాకు ఆ గుంపు అలాగ. అక్కడ నేను వాగుడుకాయని, తెలుసా! 

అందులో ముగ్గురు నాకు బాగా దగ్గరయ్యారు. గుడివాడలో ఉమాదేవి గారని ఒకావిడ ఉన్నారు. అమ్మకంటే కొంచెం పెద్దావిడ, వాళ్ళాయన రైసుమిల్లు చూసుకుంటారు. వాళ్ళబ్బాయి కంప్యూటరు కొనుక్కుంటే దాన్ని ఈవిడే ఆక్రమించేశారు. "మొగుడి పేరు ఆడవాళ్ళు పలకకూడదన్న ఆచారం నాలాగా ఎవరికీ కలిసొచ్చి ఉండదు" అని రాస్తే, నేను కొట్టులో పైకి నవ్వేశాను. శుభలేఖ ప్రూఫు చూసుకుంటున్న పెద్దాయన తన పేరులో ఏదో తప్పు పడిందనుకుని కంగారు పడ్డాడు.

నతానియేలు గారిది కూడా గుడివాడే, ఉద్యోగం బెజవాడలో. ఆయనకి 'గ' రాదు. స్టేషన్లో కౌంటరు దగ్గర గుడివాడ అనలేక, బందరుకి టికెట్టు తీసుకుని గుడివాడలో దిగిపోయేవారట, ఏళ్ళ తరబడి. మొన్న కార్తీకంలో ఒకరోజు ఒకే ఒక్క వాక్యం రాశారు: "ఈ సాయంత్రం గుడివాడకి టికెట్టు కొన్నాను." అంతే! ఉమాదేవి గారు వాళ్ళింట్లో పాయసం చేశారు. నేను అత్తకి మిఠాయి తీసుకెళితే ఎందుకని అడిగింది. మా స్నేహితుడు రైలు టికెట్టు కొన్నాడని చెప్తే నా మొహం కేసి వింతగా చూసింది.

మూడో అతను నరేంద్ర, నరసాపురం కుర్రాడు, నా ఈడే. సంక్రాంతి అయిన వారానికి వాళ్ళమ్మగారు పోయారు. చుట్టాలకి కబురు చెప్పడానికి టెలిఫోను బూతుకి వెళ్ళాడట. అవతల నుంచి హలో హలో అంటున్నారు, ఇతనికి 'అమ్మ' అన్న మాట రావడం లేదు. ఎవరో ఆకతాయి అనుకుని పెట్టేశారు. అలా ఇద్దరు ముగ్గురు. పక్కనే ఇంటర్నెట్ సెంటరు ఉంటే అక్కడికి పోయి, ఏం చెయ్యాలో తెలియడం లేదని మాకు రాశాడు. నేను అప్పుడు కొట్టులోనే ఉన్నాను. చుట్టాల నంబర్లు పంపించమని రాసి, కొండలరావు గారిని పిలిచి తెర మీద ఉన్నది చూపించాను. నేను చెప్తే ఆలస్యమని, ఆయన్నే చదవమన్నాను. ఆయన గొంతు ఎంత పెద్దదో నీకు తెలుసుగా, కోనేరు సెంటరు నుంచి మాట్లాడితే గూడూరులో వినపడుతుంది. ఆ మనిషి కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించుకుని, అందరికీ ఫోన్లు చేశారు. "నేను నరేంద్ర స్నేహితుణ్ణండీ, బందరు నుంచి. మనసు గట్టి చేసుకోండి" అని ఒక్కొక్కళ్ళకీ నెమ్మదిగా చెప్పారు. తర్వాత చాలా రోజులు నరేంద్ర రోజూ ఏదో ఒకటి రాసేవాడు, వాళ్ళమ్మ చేసే పులుసుల గురించో, ఆవిడ తిట్ల గురించో. మేం ముగ్గురం చదివి జవాబు రాసేవాళ్ళం. వాళ్ళ మొహాలు నేనెప్పుడూ చూడలేదు నాన్నా. అయినా వాళ్ళకి ఒంట్లో బాగుండకపోతే నాకు అన్నం సయించదు.

ఇప్పుడు గిలకలదిండి సంగతి.

వాళ్ళు చూసుకోవడానికి వస్తారనగా ముందు ఆదివారం, అత్తా అమ్మా నన్ను కూర్చోబెట్టుకున్నారు. "నువ్వు నోరు తెరవకు. ఏదడిగినా తలూపు. సిగ్గనుకుంటారు. మిగతాది నేను చూసుకుంటాను" అంది అత్త. అమ్మ నా జడ చిక్కు తీస్తూ కూర్చుంది.

సోమవారం గుంపులో రాశాను. నతానియేలు గారు, తొందరపడొద్దు, పెళ్ళయ్యాక నెమ్మదిగా తెలుస్తుందిలే అన్నారు. నరేంద్రకి కోపం వచ్చింది, చెప్పి తీరాలన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు కూడా. ఉమాదేవి గారు మర్నాడు రాశారు. "నేను చెప్పకుండానే పెళ్ళి చేసుకున్నానమ్మా. మా ఆయన మంచివాడు, ఏమీ అనలేదు. కానీ ఆయనకి తెలిసేదాకా నేను పడ్డ భయం పగవాళ్ళకి కూడా వద్దు. నువ్వు చెప్పినా, చెప్పకపోయినా మాకు ఒకటే. అదయ్యాక మాకు రాయి. మేం ఎదురుచూస్తుంటాం."

వాళ్ళు వచ్చారు. అబ్బాయి పేరు మహేష్, ఐసు ఫ్యాక్టరీలో సూపర్వైజరు, నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. వాళ్ళమ్మగారు "నీ పేరేంటమ్మా?" అని అడిగారు.

"మాణిక్యం అండీ, మా అమ్మ పేరే పెట్టాడు మా తమ్ముడు" అంది అత్త.

"ఏం చదివావు?"

"బీకాం అండీ, ఫస్టుక్లాసు" అంది అత్తే.

ఆవిడ నవ్వి, "అన్నీ మీరే చెప్పేస్తే పిల్ల గొంతు మేమెప్పుడు వింటాం?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకుంటే సరిపోయేది. నాన్నా, ఆ క్షణంలో ఎందుకో నాకు బందరు టికెట్టు కొనుక్కుని మధ్యలో దిగిపోతున్నట్టు అనిపించింది.

"నా పేరు మ్... మ్... మ్..." అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. అత్త నా చెయ్యి గిల్లింది. నేను ఊపిరి పీల్చుకుని, "నాకు నత్తి ఉందండీ. పేరు చెప్పడానికి కాస్త టైము పడుతుంది" అన్నాను. ఆ వాక్యానికే చాలాసేపు పట్టింది. తర్వాత "మాణిక్యం" అని కూడా చెప్పాను. అబ్బాయి కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళమ్మగారు "పిల్లలకి కూడా వస్తుందంటారా?" అని అత్తని అడిగారు. ఎంతో మర్యాదగానే అడిగారు. ఆ మర్యాదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. వెళ్ళేటప్పుడు మహేష్ గుమ్మం దగ్గర ఆగి, "చెప్పి మంచి పని చేశారండీ" అన్నాడు. కబురు చేస్తామని వెళ్ళిపోయారు. చెయ్యలేదు. ఇక చెయ్యరు. అదీ సంగతి.

ఆ సాయంత్రం అత్త అరిచిన అరుపులు రాయను. అమ్మ అరవలేదు, ఏడ్చింది. తర్వాత నాతో మాటలు మానేసింది. అన్నం పెట్టేది, పక్క వేసేది, మాట మాత్రం లేదు. బందరు వెళ్ళి జరిగింది గుంపులో రాశాను. అమ్మ మాట్లాడకపోవడమే ఎక్కువ కష్టంగా ఉందని రాశాను.

పై ఆదివారం పొద్దున్న అమ్మ పెరట్లో ఎండుచేపలు ఏరుతోంది. వాకిట్లో ఎవరో ఆవిడ నిలబడి ఉన్నారు. జరీ అంచు నేత చీర, చేతిలో అరటిపళ్ళ సంచీ. గుడివాడలో తెల్లారే బయలుదేరి, బస్సులు మారి, దారంతా ఊరి పేరు కండక్టర్లకి కాగితం మీద చూపించకుండా నోటితో అడుగుతూ వచ్చారట! నన్ను చూసి నవ్వారు గానీ, నా దగ్గరికి రాలేదు. తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళారు.

"వ్... వ్... వ..." అని ఆగిపోయారు. పెదవి బిగుసుకుపోయింది, కళ్ళు మూసుకున్నారు.

నేను ముందుకు వెళ్ళబోయాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆవిడ మొహంలోకే చూస్తూ, చేపలు ఏరడం కూడా ఆపేసి, ఊరికే కూర్చుంది. తొందర లేదు, జాలి లేదు. మాట అందించలేదు.

"వదినా" అన్నారు ఉమాదేవి గారు చివరికి.

"రండి వదినగారూ, కూర్చోండి" అంది అమ్మ, ఎప్పట్నుంచో ఎరిగున్నట్టు.

పొద్దెక్కేదాకా ఇద్దరూ పెరట్లోనే కూర్చున్నారు. గుడివాడ కబుర్లు, వాళ్ళ మిల్లు కబుర్లు, అమ్మ మోకాలి కబుర్లు. ఉమాదేవి గారు ఆగినప్పుడల్లా అమ్మ ఆగింది. పులుసు కలుపుకుని తింటూ ఆవిడ, "మీరు మ... మధ్యలో మాట అందించరేంటి వదినా? అందరూ అందిస్తారు" అని అడిగారు.

"మా ఆయనతో అలవాటే కదండీ" అంది అమ్మ. "మాట వచ్చేదాకా చూస్తాను. వచ్చాక బాగుంటుంది."

ఇన్నేళ్ళలో నీ గురించి అమ్మ ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. ఉమాదేవి గారిని బస్సెక్కించి వచ్చాక, అమ్మ తనంతట తనే నా పక్కన కూర్చుని మాట్లాడింది. తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నన్ను చూసుకోవడానికొచ్చినప్పుడు మీ నాన్న ఒక్క మాట మాట్లాడలేదే. మీ నానమ్మే అన్నీ చెప్పింది. సిగ్గనుకున్నాను. పెళ్ళయ్యాక తెలిసింది."

"కోపం వచ్చిందా?"

"కోపం కాదు. తెలిసిపోయిందని ఆయన మొహం ఎలా అయిపోయిందో! నేనేదో అంటానని ఆ మనిషి అలా నిలబడ్డాడు చూడు, అదే బాధనిపించింది. ముందే చెప్పి ఉంటే ఆ భయం ఉండేది కాదు కదా ఆయనకి."

"ముందే చెప్పి ఉంటే ఒప్పుకునేదానివా?"

అమ్మ నా కేసి చూసి, "ఎందుకొప్పుకోను?" అంది. "మనిషి నచ్చాడుగా."

నాన్నా, ఇది నీకు చెప్పమని అమ్మ అనలేదు. చెప్పొద్దనీ అనలేదు. ఇప్పుడు నేను రాస్తుంటే ఎదురుగా కూర్చుని వల బాగుచేస్తోంది. "ఇంత పొడుగు ఏం రాస్తున్నావే?" అంది. చదివి వినిపించనా అంటే, "వద్దులే, ఆయన్నే చదువుకోనీ" అని తల దించుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంకొకటి దాచాను, అది కూడా చెప్పేస్తాను. మా గుంపులో వాళ్ళకి నీ గురించి చెప్పాను. నీకూ ఉందని చెప్పాను. నీ ఉత్తరాల్లో తాబేలు కథ, ఆవపిండి కథ వాళ్ళకి రాశాను. ప్రతి వారం "మీ నాన్నగారు ఎలా ఉన్నారు? మళ్ళీ ఏం రాశారు?" అని అడుగుతారు. నిన్ను అడక్కుండా చెప్పినందుకు కోపం తెచ్చుకోకు. 

వేట నిషేధం మొదలవగానే నువ్వు ఇంటికి వస్తావు కదా. అప్పుడు మేం నలుగురం మొదటిసారి కలుసుకుందామనుకుంటున్నాం, మంగినపూడి బీచిలో. నరేంద్ర నరసాపురం నుంచి వస్తాడు. నతానియేలు గారు భార్యనీ పాపనీ తీసుకొస్తారట. ఈసారి టికెట్టు నిజంగా బందరుకే. ఉమాదేవి గారు పులిహోర చేసుకొస్తారు, అమ్మ చేపల వేపుడు చేస్తానంది. నువ్వు కూడా రా నాన్నా. మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడితే, ఎంతసేపైనా ఆగుతాం.

ఒంట్లో జాగ్రత్త. ఎండకి తలగుడ్డ మరిచిపోవద్దని అమ్మ మరీ మరీ రాయమంది.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
కూతురు,
మాణిక్యం.